ఏడు మంచాల లెక్క: చింతగింజల సాక్ష్యం

పోయిన వారం సుకన్యను పంజాగుట్టలో జోగారావు గారి మూడో అంతస్తు మెట్ల మీద, చేతిలో డజను అరటిపళ్ళతో, గుండెల్లో దడతో వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఇక లోపలికి పంపిద్దాం.

పంపే ముందు రెండు ముక్కలు. సుకన్య ఆరేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పట్టుకున్న లెక్కకూ, అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడిపే ఆమె తల్లి రుద్రమ్మ ప్రతి నెలాఖరు ఆదివారం చేసే గదుల మార్పిడికీ పెద్ద తేడా లేదు. ముందు బిల్డింగులో నూట నలభై మంది ఆడపిల్లలు. కొందరికి కొందరితో పడదు. వెనక బిల్డింగులో ఏడు ఒంటరి గదులు, ఏడు మంచాలు. ఏ ఏడుగురిని వెనక్కి పంపితే ముందు బిల్డింగులో ఒక్క గొడవా మిగలదు? చెప్పుకోవడానికి ఇంతే. కానీ అన్ని రకాలుగా పంపి చూస్తానంటే కంప్యూటరుకు ఆయుష్షు చాలదు.

అందుకని ఈ విద్యలో ఉన్నవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. హాస్టల్లో ఎంతమంది ఉన్నారన్నది పక్కన పెట్టు, ఎన్ని మంచాలున్నాయో అదొక్కటే చూడు. ఒక పిల్లను తీసుకో. ఆ పిల్లయినా వెళ్ళాలి, లేదా ఆ పిల్లతో పడనివాళ్ళంతా వెళ్ళాలి. మూడో దారి లేదు. ఇలా చీలుస్తూ పోతే, ఒక్కో మంచం పెరిగినప్పుడల్లా పని ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె ఒకటి వస్తుంది. దాన్ని తగ్గించడానికే కొంతమంది మహానుభావులు జీవితాలు ధారపోస్తున్నారు. మన సుకన్య ఆ అంకెను దశాంశం తర్వాత రెండో స్థానంలో రెండు తగ్గించింది. నవ్వకండి. మంచాలు రెండు వందలైతే, ఆ రెండే ఇరవై రోజుల పనిని ఒక్క రోజుకు దింపుతుంది.

పేపరు పెద్ద సదస్సుకు ఎంపికైంది. తుది ప్రతి సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా పంపాలి. ఈ నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే యూనివర్సిటీలో ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. థీసిస్ మొత్తం ఆ పేపరు మీదే నిలబడింది. అలాంటి సమయంలో శనివారం సాయంత్రం జోగారావు గారు ఫోన్ చేసి, "అమ్మాయ్, పదకొండో పేజీ, ఏడో కేసు. ఫోన్లో చెప్పేది కాదు, రేపు రా" అన్నారు. కేసంటే, ఇలా చీల్చేటప్పుడు ఎదురయ్యే ఒక్కో పరిస్థితి. అదీ సంగతి.

తలుపు తీసింది హైమవతి గారు, అంటే జోగారావు గారి భార్య. "వచ్చావా తల్లీ, రా. ఫ్యాను మాత్రం వెయ్యకు. దారాలు ఎగిరిపోతే మీ సారు నన్ను బతకనివ్వరు" అంది.

డైనింగ్ టేబుల్ మీద గుడ్డ తీసేశారు. దాని మీద చింతగింజలు, గింజకీ గింజకీ మధ్య తెల్ల దారాలు. గింజంటే ఒక పిల్ల, దారమంటే ఒక గొడవ. ఆ టేబుల్ ముందు కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని జోగారావు గారు కూర్చున్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పిన మనిషి. ఉద్యోగం కోసం నేర్చుకుందామని వచ్చిన సుకన్యను పట్టుకుని, "నీకు ఉద్యోగం ఎవరైనా ఇస్తారు, నువ్వు రీసెర్చికి పో" అని తరిమింది ఆయనే. ఆయన మతం ఒక్కటే, డ్రై రన్. ఏ ప్రోగ్రామైనా కంప్యూటరు ముట్టుకునే ముందు కాగితం మీద అడుగడుగూ చేత్తో నడిపించి చూడాలి. కాగితం మీద నడవనిది కరెంటు మీద కూడా నడవదు అనేవారు.

"కూర్చోమ్మా. కాఫీ తాగుతావా, ముందు చూస్తావా?"

"చూస్త సార్."

"పది రోజుల నుంచి మా భోజనాలు వంటింట్లోనే తల్లీ, పీటల మీద" అంది హైమవతి గారు అరటిపళ్ళు అందుకుంటూ. "చారులోకి చింతపండు కావాలంటే గింజలు తీసి ఇస్తేనే ఇస్తానంటారు."

"హైమా" అన్నారు జోగారావు గారు మెల్లగా. ఆ పిలుపులో బతిమాలడం ఉంది. కానీ మాట జారిపోయింది.

సుకన్య ఆయన వైపు తిరిగింది. "పది రోజులా సార్? నిన్న కదా నాకు ఫోన్ చేసింది."

ఆయన ఒక గింజను వేలితో నొక్కి పట్టుకున్నారు. "ముందు చూడు. ఎవరికీ మూడుకు మించి గొడవలు మిగల్లేదు అనుకో. ఈ మధ్యదాన్ని పంపించేస్తున్నాను." ఆ గింజను ఎత్తి జేబులో వేసుకున్నారు. దానికున్న మూడు దారాలూ తీసేశారు. "నీ పేపర్లో ఏం రాశావు? ఇది వెళ్ళాక, ఒక్క గొడవతో మిగిలిన పిల్ల ఎవరో ఒకరు తప్పకుండా దొరుకుతుందన్నావు. అలాంటి పిల్ల దొరికితే ఆలోచించక్కర్లేదు, దాన్ని ఉంచి రెండోదాన్ని పంపొచ్చు. ఒక మెట్టు ఊరికే కలిసొస్తుంది. అవునా?"

"అవును సార్."

"చూపించు మరి. ఒక్క దారంతో మిగిలిన గింజ ఏది?"

సుకన్య వంగి చూసింది. ఒక్కో గింజనూ వేలితో తాకింది. రెండు దారాలు. రెండు. మూడు. రెండు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఫ్యాను వెయ్యని గదిలో మెడ వెనక చెమట పట్టింది. ఒక్క దారంతో ఒక్క గింజ కూడా లేదు. ఊరికే వస్తుందనుకున్న మెట్టు రాలేదు. ఆ మెట్టు లేకపోతే ఆమె తగ్గించిన ఆ రెండు మళ్ళీ పెరిగి పాత చోటికే వస్తుంది. ఆరేళ్ళ పని ఒక డైనింగ్ టేబుల్ మీద పోయింది.

"ఏడో కేసులో గింజల అమరిక ఇలా చెడిపోయే బొమ్మలు నాలుగే ఉన్నాయి" అన్నారు ఆయన. "ఐదోది లేదని మూడుసార్లు చూశాను."

"మరి మీరు ఫిబ్రవరిల చదివి బాగుందన్నరు కద సార్."

"అన్నాను." ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "అంతకంటే పెద్ద పాపం చేశాను. నువ్వు మొదట ఏడో కేసు వేరుగా, ఎనిమిదో కేసు వేరుగా రాసుకున్నావు. ఎనిమిదోదాంట్లో మధ్యపిల్లతో పడనివాళ్ళలో ఇద్దరికి తమలో తమకు కూడా పడదు. ఏడోదాంట్లో ఆ గొడవ లేదు. నేనే కదా, రెండూ ఒకటేనమ్మాయ్, కలిపెయ్, అరపేజీ కలిసొస్తుందీ అన్నాను. ఇరవై ఆరేళ్ళ అలవాటు. నలభై ఐదు రోజుల్లో బ్యాచ్ అయిపోవాలంటే పోలిక ఉన్నవన్నీ ఒక్క క్లాసులో కలిపేసేవాణ్ణి. ఎనిమిదోదాంట్లో మెట్టు దొరుకుతుంది. ఏడోదాంట్లో దొరకదు."

ఆ సాయంత్రం సుకన్యకు బాగా గుర్తుంది. కలిపేశాక ఇద్దరూ పునుగులు తిన్నారు కూడా. ఏ రెండు పిండివంటలైనా కలిపితే చెడవు గానీ, కేసులు కలిపితే చెడతాయని ఆనాడు ఎవరికి తెలుసు.

"పది రోజులు నాకెందుకు చెప్పలే సార్?"

"బాగుచేసి చెబుదామనుకున్నాను. తప్పు చూపించి ఊరుకోవడం కాదు కదా, మందు కూడా చేతికిద్దామనుకున్నాను. నా వల్ల కాలేదమ్మాయ్. రేపే ఆఖరు రోజు కాబట్టి ఇక దాచకూడదని ఫోన్ చేశాను."

సుకన్య లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. కింద ఫ్లైఓవర్ మీద ఆదివారం ట్రాఫిక్ తాపీగా పోతోంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ముగ్గురు రివ్యూయర్లు చదివిన్రు సార్. ఒక్కరికి సుత కనపడలే. రేపు పన్నెండు దాంక ఎవరికి తెలుస్తది? తర్వాత నిమ్మళంగ సరిచేసుకోవచ్చు కద."

"ఈ చింతగింజలకి తెలుసు" అన్నారు జోగారావు గారు.

కోపంగా అనలేదు, పాఠం చెబుతున్నట్టు అన్నారు. అదే ఆమెకు మండింది. మనిషికి బాగా దగ్గరవాళ్ళ మీదే కోపం బాగా వస్తుంది, దూరపువాళ్ళ మీద రమ్మన్నా రాదు. "మీకేం సార్, గింజలు ఏరుకుంట కూసుంటరు. ఇది కోచింగ్ సెంటర్ బోర్డు కాదు, తుడిచేసి మళ్ళ రాసేటందుకు. రీసెర్చ్ వేరే. మీకు తెల్వని దాంట్లకు నేనే మిమ్మల్ని గుంజిన, నాదే తప్పు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ మాట అన్నాక దాన్ని వెనక్కి లాక్కోవాలని సుకన్యకు అనిపించింది. జోగారావు గారు మాత్రం తల ఊపారు, స్టూడెంట్ చెప్పిన జవాబు సగం సరైనదైనప్పుడు ఊపినట్టే. "కృష్ణమోహన్ గారితో నేను మాట్లాడతాను. మీ గైడు సోమాజిగూడలోనే కదా ఉండేది. కలపమన్నది నేనని చెబుతాను."

"వద్దు సార్. పేపర్ మీద పేరు నాది. ఏదున్నా నేనే చెప్త."

చెప్పులు వేసుకుంటుంటే హైమవతి గారు ఒక స్టీలు డబ్బా ఆమె సంచిలో పెట్టింది. "పులిహోర. మీ అమ్మగారికి కూడా పెట్టు. డబ్బా మళ్ళీ నువ్వే తెచ్చివ్వాలి, ఎవరిచేతా పంపకు" అంది. ఏమీ విననట్టే ఉంది మొహం. ఆ ఇల్లాలి తెలివికి డాక్టరేట్ ఇవ్వొచ్చు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్కటే స్టేషను. ఏడ్వడానికి కూడా టైం చాలదు. కృష్ణమోహన్ గారికి మెసేజ్ పెట్టాలని సుకన్య ఫోను తీసింది. 'సార్, ఏడో కేసు తప్పు' అని రాసింది, చెరిపేసింది. 'సార్, ఒక చిన్న సందేహం' అని రాసింది. అది అబద్ధమని దాన్నీ చెరిపేసింది. ఈలోపు దిగాల్సిన స్టేషన్ వచ్చేసింది.

హాస్టల్ డైనింగ్ హాల్లో బల్లలన్నీ గోడవారకు జరిపి ఉన్నాయి. నెలాఖరు ఆదివారం కదా. నేల మీద స్టీలు పళ్ళాలు పరిచి ఉన్నాయి. ప్రతి పళ్ళెం మీదా ఒక పేరు చెక్కి ఉంటుంది. హాస్టల్లో చేరే పిల్ల పళ్ళెం తెచ్చుకోవాలి, పాత్రల షాపులో పేరు చెక్కించుకోవాలి, ఇది రుద్రమ్మ పెట్టిన రూలు. ఎవరికి ఎవరితో పడదో ఆ రెండు పళ్ళాల మధ్య సుద్దముక్కతో గీత గీస్తుంది. ఎవరికి ఎవరితో పడదన్నది రుద్రమ్మను అడగాలి. పిల్లలకే తెలియకముందు ఆమెకు తెలుస్తుంది, చారు వడ్డించేటప్పుడు ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం మానేశారో చూస్తుంది కాబట్టి.

రుద్రమ్మ ఈ హాస్టల్లోకి వంటమనిషిగా వచ్చింది. అప్పుడు సుకన్యకు ఏడాది, భర్త లేడు. తర్వాత ఓనరు నడపలేక చేతులెత్తేస్తే తనే నడపడం మొదలుపెట్టింది. సుకన్య ఈ పళ్ళాల మధ్యే పాకింది, ఈ పిల్లల ఒళ్ళోనే అక్షరాలు నేర్చుకుంది. పదో ఏట గురుకులంలో సీటు వచ్చిందని పంపించేదాకా ఆమెకు ఇల్లంటే హాస్టలే. సీటు రావడం అదృష్టమని అందరూ అన్నారు. అదృష్టవంతురాలు మూడు నెలలు దుప్పటి కప్పుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లోకి రాదు, అప్పుడప్పుడు మౌనంలోకి వస్తుంది.

"ఏమే, మొఖం గట్ల వెట్టినవ్? సార్ తిట్టిండా?"

"నేనే తిట్టిన."

రుద్రమ్మ సుద్దముక్క ఆపి కూతురి వైపు చూసింది. "పెద్దమనిషిని తిట్టి వచ్చినవ్. తిన్నవా?"

"లేదు."

"తిననోళ్ళే తిడతరు. అరె కూసో, జర గీ పని అయిపోనియ్యి, అన్నం వెడ్త."

సుకన్య గోడకు ఆనుకుని కూర్చుని పులిహోర డబ్బా తీసింది. డబ్బా అడుగున నాలుగు మడతల కాగితం అంటుకుని ఉంది. విప్పితే జోగారావు గారి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన నాలుగు బొమ్మలు. కింద 'ఇలా చెడేవి నాలుగే' అని రాసి ఉంది. అలాంటి మనిషిని పట్టుకుని, మీకు తెల్వదు అన్నాను కదా అనుకుంది. మూత తీసిన డబ్బాను ముట్టకుండా ఒళ్ళో పెట్టుకుంది.

రుద్రమ్మ మాత్రం తన లోకంలో ఉంది. నవ్య అనే పిల్ల పళ్ళెం ఎత్తి వెనక బిల్డింగు వైపు పెట్టింది. దానికున్న మూడు గీతలూ కాలితో చెరిపింది. సుకన్య కళ్ళు అలవాటు కొద్దీ ఒక్క గీతతో మిగిలిన పళ్ళెం కోసం వెతికాయి. లేదు. ఇక్కడా లేదు. ఇప్పుడు అమ్మ కూడా ఇరుక్కుంటుంది అనుకుంది.

అమ్మ ఇరుక్కోలేదు. మంజూష పళ్ళెం, సౌజన్య పళ్ళెం రెండూ టకటకా ఎత్తేసింది.

"ఆగవే. గా ఇద్దర్ని ఎందుకు తీసినవ్?"

"ఇంకేంది మరి? ఇగో వనిత, ఇగో అనుపమ. నవ్య పోయినంక వీళ్ళిద్దరికి ఎవరితోని లొల్లి మిగిలింది? మంజూషతోని, సౌజన్యతోని. ఇద్దరికి గా ఇద్దరే. ఆలోచన ఎందుకు, గా ఇద్దర్ని తీసెయ్యాలె."

"వనితను, అనుపమను పంపితె సుత రెండు మంచాలే కద."

"పిచ్చిదానా, వనితకు, అనుపమకు బయట ఎవ్వరితోని లొల్లి లేదు. మంజూషకు, సౌజన్యకు వేరేటోళ్ళతోని సుత ఉన్నది. రెండు మంచాలు ఎట్లన్న పోతయ్. వాళ్ళను తీస్తే గవ్వి సుత పోతయ్. గింత చిన్న ముచ్చట, ఆరేండ్లు చదివి ఏం నేర్చినవే?"

సుకన్య దిగ్గున లేచింది. ఒళ్ళోని డబ్బా పడి పులిహోర నేల మీద చిందింది.

పుస్తకాల్లో లేని సూత్రమేం కాదిది. ఆమెకు తెలుసు, జోగారావు గారికీ తెలుసు. కానీ ఇద్దరూ మధ్యగింజ లేచాక ఒంటి దారం కోసమే వెతికారు. ఊరికే వచ్చే మెట్టంటే అదొక్కటే అని ముందే అనుకుని కూర్చున్నారు. అది లేచాక ఒకే ఇద్దరితో గొడవ మిగిలిన జంట ఉందేమోనని చూడలేదు. జంట దొరికితే కలిసొచ్చేది ఒక మెట్టు కాదు, రెండు మెట్లు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వాళ్ళ పని.

ఆమె నేల మీదే చతికిలబడి కాగితం విప్పింది. మొదటి బొమ్మ. మధ్యది తీస్తే జంట ఉంది. రెండో బొమ్మలో ఉంది. మూడోదాంట్లో కొంచెం పక్కకు జరిగింది గానీ ఉంది, ఖచ్చితంగా ఉంది. ఆమె నవ్వుతోందని రుద్రమ్మ చూసింది, ఏమీ అడగకుండా చీపురు తెచ్చి పులిహోర ఊడ్చింది.

నాలుగో బొమ్మ. పన్నెండు చుక్కలు. మధ్యది తీసింది. జంట లేదు. మళ్ళీ చూసింది. తిప్పి చూసింది. లేదు. నవ్వు ఆగిపోయింది. మూడు బొమ్మలు బాగుపడి నాలుగోది చెడితే నాలుగూ చెడినట్టే. ఈ విద్యలో పాస్ మార్కులంటూ ఉండవు.

సారుకు ఫోన్ చేసింది. ఎత్తింది హైమవతి గారు.

"ఫోన్ మర్చిపోయి వెళ్ళారు తల్లీ. గింజలన్నీ పచ్చడి సీసాలో పోసుకుని సోమాజిగూడ వెళ్ళారు, మీ గైడు గారింటికి. వెళ్తూ వెళ్తూ 'హైమా, ఇక టేబుల్ నీదే' అన్నారు. నాకు సంతోషం వెయ్యలేదు."

సుకన్య ఏదో చెప్పబోయేలోపు రెండో కాల్ మోగింది. తెర మీద కృష్ణమోహన్ గారి పేరు. దాచడానికి ఇంకా వీలుంది. సారు అక్కడికి చేరి ఉండకపోవచ్చు, ఇది ఇంకేదో పని మీద చేసిన ఫోను కావచ్చు. ఆమె కళ్ళు మూసుకుని ఎత్తింది.

"సార్, మీరు ఏం చెప్పేముందు నేనొక మాట చెప్తా. పేపర్లో ఏడో కేసు తప్పు. తప్పు నాదే."

అవతల కృష్ణమోహన్ గారు నిట్టూర్చారు. "ఇక్కడ సీసా పట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నారు. ఆయన కూడా తప్పు తనదేనంటున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తప్పు నాది కాదన్న వాళ్ళనే చూశాను గానీ, నాది నాదని కొట్టుకునే వాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను. బాగు చెయ్యగలవా?"

"మూడు బొమ్మలు అయినయ్ సార్. నాలుగోది కాలేదు."

"రేపు పొద్దున పదింటికి నా గదికి రా. నాలుగోది తేలితే సరిదిద్ది పన్నెండులోపు పంపుదాం. తేలకపోతే పేపరు వెనక్కి తీసుకుంటున్నామని నేనే రాస్తాను. థీసిస్ సంగతి అప్పుడు నా చేతుల్లో ఉండదమ్మా, అది ముందే చెబుతున్నాను. ఇదిగో, ఈయన మాట్లాడతారట."

"అమ్మాయ్" అన్నారు జోగారావు గారు. ఆయాసంగా ఉంది, లిఫ్టు పనిచెయ్యలేదేమో. "మూడు ఎలా అయ్యాయి?"

ఆమె చెప్పింది. అమ్మ పళ్ళాల సంగతి కూడా చెప్పింది. ఆయన ఊ కొడుతూ విన్నారు. సీసాలో గింజలు కదిలిన చప్పుడు వినిపించింది.

"సార్, పొద్దుగాల నేనన్న మాట..."

"డ్రై రన్‌లో ఎర్రర్లు వస్తాయమ్మాయ్. అందుకే కదా చేసేది." ఆయన సీసా పక్కన పెట్టిన చప్పుడైంది. "అవన్నీ తర్వాత. నాలుగో బొమ్మ మీ అమ్మగారికి చూపించావా?"

చూపించలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఇరవై ఆరేళ్ళు వేలమందికి పాఠం చెప్పిన మనిషికి మాత్రం ముందు అదే తట్టింది.

రుద్రమ్మ కాగితాన్ని చెయ్యి బారుగా చాచి పట్టుకుని చూసి, తిరిగి ఇచ్చేసింది. "గీ చుక్కలు నాకు సమజ్ కావు. పళ్ళాలల్ల వెయ్యి."

ఇద్దరూ కలిసి నేల తుడిచారు. సుకన్య పదకొండు పళ్ళాలు బోర్లించి పరిచింది, బొమ్మలో ఉన్నట్టే గీతలు గీసింది. పన్నెండోదాని కోసం లేవబోతుంటే తల్లి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. రుద్రమ్మ మొహంలో అంతకుముందున్న హుషారు లేదు.

"గీ బొమ్మ నేను చూసిన" అంది.

"ఎక్కడ?"

"గిదే నేల మీద. ఒక్కసారే, మస్తు ఏండ్లయింది. గప్పుడు మనకు ఉన్నదే గింతమంది. నేను సుత నీ లెక్కనే నడిమిట్ల దానితోని షురూ చేసిన. లొల్లి ఆగలే. నెల రోజులు ఆగలే. ఇద్దరు పిల్లలు ఇడిచి పోతమన్నరు, ఓనరు నన్ను సుత పొమ్మన్నడు." ఆమె వేలు పళ్ళాల మీదుగా జరుగుతూ వెళ్ళి, ఇంకా ఖాళీగా ఉన్న మూల మీద ఆగింది. "ఆఖరికి గీడ ఉన్నదాన్ని తీసిన. అన్నీ ఊడొచ్చినయ్."

ఎవరికీ మూడుకు మించి గొడవలు లేనప్పుడు, మూడున్నవాళ్ళలో ఎవరితో మొదలుపెట్టినా తప్పు లేదు. నడిమిదానితోనే మొదలుపెట్టాలని ఏ శాస్త్రంలోనూ లేదు. సుకన్య ఆ మూలకు జరిగింది. "గీడ ఉన్నది ఎవరే?"

రుద్రమ్మ లేచి తన గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక పళ్ళెం ఉంది, అంచు సొట్టపోయిన చిన్నపిల్లల పళ్ళెం. వంగి దాన్ని ఖాళీ మూలలో పెట్టింది. మూడు గీతలూ తనే గీసింది, చూడకుండానే, ఏ గీత ఎటు పోవాలో తెలిసినట్టు.

పళ్ళెం మీద 'సుకన్య' అని ఉంది.

"రాత్రి లైటు ఆర్పనియ్యకపోతుంటివి, చదువుకుంటనని" అంది రుద్రమ్మ. "ముగ్గురు అక్కలతోని రోజు లొల్లే. వాళ్ళ వెనక వీళ్ళు, వీళ్ళ వెనక వాళ్ళు. నిన్ను కొట్టి ఆపలేకపోతి. గురుకులంల సీటు దానంతట అది రాలే బిడ్డా. నేనే పోయి, గాళ్ళ కాళ్ళు మొక్కి తెచ్చిన."

బయట ఎవరో పిల్లలు భోజనానికి ఎప్పుడు పిలుస్తారని తలుపు తట్టారు.

"తియ్యి మరి" అంది రుద్రమ్మ, కూతురి మొహం చూడకుండా. "తీస్తేనే కద నీ లెక్క తేలేది."

ఆ మూలది లేస్తే జంటలు వస్తాయో రావో తెలియాలంటే ఎత్తి చూడాలి. ఎత్తకుండా తెలుసుకునే దారి సుకన్యకు ఏ సారూ నేర్పలేదు. ఆమె ముందుకు వంగి, తన పేరు మీద అరచెయ్యి ఆనించింది. స్టీలు చల్లగా తగిలింది. పళ్ళెం మాత్రం లేవలేదు.